వెల్లకిలా పడుకున్న సాలీడు

పశువుల విషయంలో మద్దిలేటికి తెలియనిది లేదు. ఈ మాట ఊళ్ళో వాళ్ళు అన్నది కాదు, ఆయనే అన్నది. ముప్ఫై నాలుగేళ్ళు కర్నూలు చుట్టుపక్కల పశువుల ఆసుపత్రుల్లో కాంపౌండరుగా చేశాడు. అడ్డం తిరిగిన దూడని చెయ్యి పెట్టి సరిచేసి లాగడం, కడుపుబ్బిన ఎద్దుకి నూనె పట్టించడం, కాలవగట్టున వెల్లకిలా పడి లేవలేక కాళ్ళు కొట్టుకుంటున్న గేదెని నలుగురిని కూడగట్టి పక్కకి దొర్లించడం, ఇవన్నీ ఆయనకి మంచినీళ్ళు తాగినంత తేలిక. అలాంటి మనిషి ఇంటికి, రిటైరైన రెండో ఏడు, గాజుపెట్టెలో ఒక సాలీడు వచ్చింది.

దాన్ని తెచ్చిన అమ్మాయి పేరు తస్లీమ్. ఊరి బయట కొత్తగా పెట్టిన అంకుర పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. పెట్టెని హాల్లో గోడ పక్కన, ఫ్రిజ్‌కి దూరంగా పెట్టించి, చిన్న టార్చి వెలిగించి చూపించింది.

"ఎడమవైపు మూడో కాలు చూడండి సార్. పొట్టిగా ఉందా? దాని కొసన బియ్యపుగింజంత లేతరంగుది ఏదో కనిపిస్తుందా?"

మద్దిలేటి కళ్ళజోడు సవరించుకున్నాడు. మిగతా ఒళ్ళంతా నల్లటి బూరుతో ఉన్న టరాంటులా కాలి చివర, మనిషి చర్మం రంగులో, నిజంగానే ఒక గింజ ఉంది.

"అది ఊర్మిళక్కదే సార్" అంది తస్లీమ్.

ఊర్మిళ ఆయన ఒక్కగానొక్క కూతురు. చెవిటి పిల్లల బడిలో టీచరు. ఏడాదిన్నర కిందట పిండిమర బెల్టులో కుడిచెయ్యి పడి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు పోయాయి. ఇంకో ఉద్యోగంలో ఉంటే ఎలాగో నెట్టుకొచ్చేది. ఆమెకి మాత్రం వేళ్ళే నోరు. సైగల భాషలో పాఠం చెప్పే మనిషికి మూడువేళ్ళు పోతే మాటల్లో సగం పోయినట్టే. తిరిగి బడికి వెళ్ళిన మొదటిరోజు రెండో తరగతి పిల్ల ఒకతి, టీచర్ చేతికి నత్తి వచ్చిందని పక్కపిల్లతో సైగ చేసిందట. ఆ సంగతి ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది ఊర్మిళ. చెప్పి, స్నానాలగదిలోకి వెళ్ళి చాలాసేపు నల్లా తిప్పి ఉంచింది.

టరాంటులాకి కాలు ఊడితే, తర్వాత కుబుసం విడిచేటప్పుడు కొత్త కాలు మొలుస్తుంది. ఆ కాలిని మొలిపించే రసం, అదే చోట నాటిన మనిషి కణాలని కూడా పెంచుతుందని కేంద్రం వాళ్ళు కనిపెట్టారు. మూడు కుబుసాలు విడిచేసరికి మొలక అతికించడానికి సరిపడా పెరుగుతుంది. ఒకటి అతికాక తర్వాతి వేలికి మరో సాలీడునిస్తారు. అప్పటికే ఒకాయనకి బొటనవేలు వచ్చింది కూడా. చిక్కల్లా ఎక్కడంటే, ల్యాబులో ఉంచితే ఇవి కుబుసం విడవడంలేదు. పెద్ద ఫ్రిజ్‌ల అదురు కాళ్ళ వెంట్రుకల్లోంచి వాటికి తెలిసిపోతోంది. అందుకని ఎవరి మొలక ఉన్న సాలీడుని వాళ్ళింట్లోనే పెంచుకోమని ఇస్తున్నారు.

"కింద సన్నటి పట్టీ ఉంది చూడండి సార్, అదురుపట్టీ. పెట్టెలో ఏం కదిలినా ఇది రాసుకుంటుంది. పదిహేను రోజులకోసారి వచ్చి నేను చదువుకుపోతా. మీరు చెయ్యాల్సిందల్లా వారానికో కీచురాయి వెయ్యడం, ఆ మూతలో నీళ్ళు పొయ్యడం. ఇక అస్సలు ముట్టుకోకపోవడం" అంటూ తస్లీమ్ ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. "ఇందులో అన్నీ ఉన్నాయి. నాలుగో పేజీ మటుకు తప్పకుండా..."

"అయ్యో పాపా, నాకా చెప్తాండావు? మన్నెంకొండ కాడ రెండు తలల దూడ పుట్టినప్పుడు యెవురు లాగినారనుకున్యావు?" అని మద్దిలేటి అందుకున్నాడు. ఆ దూడ కథ ఇరవై నిమిషాలు నడిచింది. తస్లీమ్ పెద్దాయన మాట మధ్యలో తుంచలేక టీ చల్లారేదాకా విన్నది. పుస్తకం టీవీ మీదకి చేరి అక్కడే ఉండిపోయింది.

మొదటి వారంలోనే ఆయన సాలీడుకి బూచమ్మ అని పేరు పెట్టాడు. రెండో వారం, దూడని నిమిరినట్టు వేలితో దాని వీపు నిమిరాడు. అది వెనక్కాళ్ళతో వీపు మీది బూరుని ఆయన చేతి మీదకి రాల్చింది. రెండురోజులు చెయ్యి గోక్కుంటూ తిరిగాడు. ఊర్మిళ అడిగితే దోమలన్నాడు.

నెల తిరిగాక ఒక పొద్దున ఆయన కేంద్రానికి ఫోను చేసి గాభరాగా అరిచాడు. "పాపా, బిరీన రా! ఇంకో సాలీడు యాడినుంచో వచ్చి పెట్లో దూరింది. రెండుండాయి!"

తస్లీమ్ వచ్చి చూసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండోది సాలీడు కాదు, రాత్రి కొబ్బరిచిప్ప చాటున బూచమ్మ విడిచిన కుబుసం. కాళ్ళు, కోరలు, బూరు అన్నీ ఉన్న ఖాళీ చొక్కా. మద్దిలేటి కూడా నవ్వేశాడు కానీ కాస్త ముఖం చిన్నబోయింది. ఆ నవ్వు మరిపించడానికి వెంటనే ఒక గేదె కథ ఎత్తుకున్నాడు.

ఆ సాయంత్రం ఊర్మిళ భూతద్దం పెట్టి చూసింది. బియ్యపుగింజ ఇప్పుడు వేరుశనగ గింజంతయింది. కొసన గోరు వచ్చే చోట సన్నటి గీత.

"నాయనా, గోరు!" అంది. ముప్ఫై ఒక్కేళ్ళ మనిషి, పదేళ్ళ పిల్లలా పెట్టె ముందు నేలమీద చతికిలబడింది. ఆ రోజునుంచి బడినుంచి రాగానే చెప్పులు విప్పి నేరుగా పెట్టె దగ్గరికే వెళ్ళేది. ఇంట్లో నవ్వు వినిపించి చాలాకాలమైంది. ఆ నవ్వు తన పెంపకం వల్లనే వచ్చిందని మద్దిలేటి వీధి చివర టీకొట్టు దాకా చెప్పుకున్నాడు.

*

నవంబరు నెలలో ఒక బుధవారం పొద్దున పదింటికి తస్లీమ్ వచ్చింది. బూచమ్మ ఇరవై రోజులుగా తిండి ముట్టలేదు. మూత తియ్యకుండానే టార్చి వేసి చూసి, పట్టీ రాసిన రాతని తన ట్యాబ్‌లోకి ఎక్కించుకుంది.

"పొట్ట నల్లగా నిగనిగలాడుతోంది సార్. ఇవాళో రేపో విడుస్తుంది. ఈసారి మొలక బరువుగా ఉంది కాబట్టి చిప్ప కిందికి పోకపోవచ్చు. మీరేం చెయ్యొద్దు. నీళ్ళు కూడా మార్చొద్దు. మూత అసలు తియ్యొద్దు. ఆ నాలుగో పేజీ ఒకసారి..."

"చూసినాలే పాపా" అన్నాడు మద్దిలేటి. చూడలేదు.

టీ తాగి ఆమె వెళ్ళిపోయింది. ఊర్మిళ బడిలో ఉంది. మద్దిలేటి పేపరు చదువుతూ కూచున్నాడు. పేజీ తిప్పుతూ పెట్టెవైపు చూశాడు. బూచమ్మ వెల్లకిలా పడి ఉంది. ఎనిమిది కాళ్ళూ పైకి ముడుచుకుని, కదలికలేకుండా.

ఇక్కడ ఆయన ఒక్క నిమిషం ఆగి ఉంటే ఈ కథ లేదు. ఫోను పక్కనే ఉంది, పుస్తకం టీవీ మీద ఉంది. కానీ ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు ఆయన బుర్రని అడగలేదు. వెల్లకిలా పడ్డ పశువు లేవకపోతే కడుపుబ్బి చస్తుంది, వెంటనే దొర్లించాలి. ఆయన చేతులకి తెలిసింది ఇదొక్కటే. ఆ చేతులే మూత ఎత్తాయి. పెట్టె శుభ్రం చెయ్యడానికి ఇచ్చిన మెత్తటి కుంచె తీసుకుని, సాలీడు నడుం కింద పెట్టి, ఒక్క ఊపులో బోర్లా తిప్పాయి.

"లెయ్యమ్మా, లెయ్యి" అన్నాడు కూడా. అనేటప్పుడు ఒక గేదెని కాపాడిన తృప్తి కలిగింది. ఆ తృప్తి గురించి తర్వాత ఎన్నోసార్లు తలుచుకున్నాడు. చేసిన పనికంటే అదే ఆయన్ని ఎక్కువ సిగ్గుపెట్టేది.

తిప్పాక చూశాడు. బూచమ్మ వీపు చిట్లి ఉంది. పాత చర్మం సగం ఊడి, సగం అంటుకుని, లోపలినుంచి పాలరంగు మెత్తటి ఒళ్ళు బయటికొస్తోంది. అది చచ్చిపోవడంలేదు, విడుస్తోంది. కాళ్ళు ఒరల్లోంచి లాక్కుంటున్న సమయాన ఆయన దాన్ని దాని బరువు కిందే పడేశాడు. పచ్చికాళ్ళు మడతపడ్డాయి. మూడోకాలు వేరు దగ్గర చిరిగింది. నీలపు ఛాయ ఉన్న నీటిబొట్టు ఊరి, కొబ్బరిపొట్టులోకి ఇంకింది. దాంతోపాటు వేరుశనగ గింజంత మొలక కూడా ఊడి కింద పడింది.

మద్దిలేటి మళ్ళీ తిప్పబోయి ఆగాడు. టీవీ మీది పుస్తకం తీసి నాలుగో పేజీ విప్పాడు. పేజీ అంతా ఒకే బొమ్మ. వెల్లకిలా పడుకున్న సాలీడు. కింద పెద్ద అక్షరాలు: చచ్చిపోలేదు. ముట్టుకోకండి.

ముప్పావుగంట పట్టింది అది ప్రాణం వదలడానికి. పశువుల చావులు ఎన్నో చూసిన మనిషి, పక్కన కూచుని చూడలేక చూశాడు. అంతా అయ్యాక, కుంచెతో జాగ్రత్తగా దాన్ని మళ్ళీ వెల్లకిలా తిప్పి, ముందు ఎలా ఉందో అలా పడుకోబెట్టాడు. మూత పెట్టాడు. కుంచె కడిగి దాని స్థానంలో పెట్టాడు. ఇంత చేస్తున్నప్పుడు ఆయన మనసులో ఏ ఆలోచనా లేదు. కానీ చేతులు మాత్రం దొంగచేతుల్లా చక్కగా పనిచేశాయి.

తర్వాత కేంద్రానికి ఫోను చేశాడు. కేంద్రం అధిపతి డాక్టర్ రుక్మాంగదరావు స్వయంగా మాట్లాడాడు.

"మీ పాప వచ్చి పోయినాక చూస్తే ఇట్లుండాది సార్" అన్నాడు మద్దిలేటి. ఆ మాటలో అబద్ధం లేదు.

"తస్లీమ్ మూత తీసిందా?"

కిటికీ బయట ఎవరో కూరలమ్మి కేకలేసుకుంటూ పోతోంది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి మద్దిలేటి అన్నాడు. "ఏమో సార్. నేను టీ పెట్టనీకి వంటింట్లోకి పోయింటి."

అంతే. దానికి ఇంకొక్క మాట కూడా కలపలేదు. కలపాల్సిన అవసరం రాలేదు.

*

సాయంత్రం ఊర్మిళ వచ్చేసరికి గోడపక్క ఖాళీగా ఉంది. కేంద్రం వ్యాను వచ్చి పెట్టె తీసుకుపోయింది. తండ్రి సంగతి చెప్పాడు. తను చేసింది తప్ప అంతా చెప్పాడు.

ఆమె చెప్పులు విప్పకుండానే గుమ్మం దగ్గర నిలబడి వింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆమె వచ్చి తండ్రి పక్కన కూచుని, రెండువేళ్ళ చెయ్యి ఆయన మోకాలి మీద వేసింది.

"నువ్వేం చేస్తావు నాయనా. నువ్వు దాన్ని బిడ్డలాగా చూసుకున్యావు."

మద్దిలేటికి తల కొట్టేసినట్టయింది. లేచి పెరట్లోకి వెళ్ళి, ఆరేసిన బట్టలు తడిగా ఉండగానే తీసుకొచ్చాడు.

పదిహేను రోజులకి డాక్టర్ రుక్మాంగదరావే కొత్త పెట్టెతో వచ్చాడు. కొత్త సాలీడు, కొత్త మొలక. మళ్ళీ బియ్యపుగింజ దగ్గరినుంచి మొదలు. ఊర్మిళ ఆయనకి దండం పెట్టబోయింది.

"మాకెందుకమ్మా దండాలు. తప్పు మా మనిషిది. మా సిబ్బంది పొరపాటైతే మరో అవకాశం ఇవ్వాలన్నది మా నియమమే."

"ఆ అమ్మాయి..." అని మద్దిలేటి అన్నాడు.

"తీసేశామండీ. విచారణ దాకా కూడా పోలేదు. మూత తీశానని, చెయ్యి తగిలిందని తనే రాసిచ్చింది."

మద్దిలేటి వేసింది ఒక అనుమానపు ముక్క. దాన్ని ఆ పిల్ల కాదని అంటుందని, మాటకి మాటయి, ఎవరిదీ కాని తప్పుగా మిగిలిపోతుందని ఆయన లెక్క వేసుకున్నాడు. చెయ్యని తప్పు ఒప్పుకుని రాసిస్తుందని ఏ లెక్కలోనూ లేదు. ఆ రోజునుంచి ఆయన కొత్త సాలీడుకి పేరు పెట్టలేదు. టీకొట్టుకి వెళ్ళడం మానేశాడు.

*

తస్లీమ్‌ని వెతకడానికి ఆయనకి వారం పట్టింది. బురుజు వెనక సందులో రంగుచేపలు అమ్మే దుకాణంలో పనికి కుదిరింది. మధ్యాహ్నం పూట బేరాలు లేవు. తొట్టెల మధ్య స్టూలు వేసి, వద్దంటున్నా కూచోబెట్టి, బాటిల్లో నీళ్ళిచ్చింది.

మద్దిలేటి బాటిలు పట్టుకుని కూచున్నాడు.

"పాపా, నువ్వు మూత తియ్యలే గదా" అన్నాడు చివరికి.

"తియ్యలేదు సార్."

"మరి యెందుకు రాసిచ్చినావు?"

తస్లీమ్ వల తీసుకుని ఒక తొట్టిలో చచ్చిన చేపని బయటికి తీసింది. అటు తిరిగే చెప్పింది. "నేను మీ గేటు దాటింది పదీ ముప్ఫై అయిదుకి. మూత లేచింది పదకొండూ నాలుగుకి. కుంచె తగిలింది పదకొండూ ఆరుకి. అదురుపట్టీ అంతా రాసుకుంది సార్. పెట్టె వచ్చాక చదివింది నేనే. చదివి చెరిపేసినా."

ఆయన చెవుల్లో తొట్టెల గాలిబుడగల చప్పుడు పెద్దదైంది. ఇన్నాళ్ళూ తన గుట్టు తనకొక్కడికే తెలుసనుకున్నాడు. అది ఈ పిల్లకి నిమిషాలతో సహా తెలుసు.

"ఇంట్లోవాళ్ళ చేతిలో చస్తే ఆ ఇంటికి మళ్ళీ ఇవ్వరు సార్. ఏడో పేజీలో ఉంది" అంది తస్లీమ్. వెంటనే నాలుక కరుచుకుంది, దెప్పినట్టయిందేమోనని. "మా మనిషి తప్పైతే ఇస్తారు. అందుకని రాసిచ్చినా."

"మా పాప వేళ్ళకోసరం నీ పని పోగొట్టుకున్యావా? మేం నీకేమవుతాము?"

"మా చెల్లి రుక్సానా ఊర్మిళక్క క్లాసులోనే సార్. ఆరేళ్ళు మా ఇంట్లో దానితో ఎవరం మాట్లాడలేదు. ఎట్లా మాట్లాడాలో మాకు తెల్దు. అన్నం పెట్టేవాళ్ళం, అంతే. అక్క మా ఇంటికి వచ్చి మా అమ్మకి, నాకు నేర్పించింది. దాని పేరు మేం దానితో మొదటిసారి చెప్పింది ఊర్మిళక్క వేళ్ళు చూసే." ఆమె వల విదిలించింది. "మీకు చెప్పలేదా నేను? చెప్పి ఉండను. మీరు గేదెల గురించి చెప్తా ఉంటిరి."

ఏడు నెలలు ఆ పిల్ల తన ఇంటికి వచ్చింది. నీకెవరున్నారమ్మా అని తనొక్కసారి అడగలేదు. మద్దిలేటి తల వంచుకునే అడిగాడు. "నన్ను పిల్చి నిలదియ్యకూడదా పాపా? నాకైనా చెప్పకూడదా?"

"ఎట్లా అడగాల సార్? మీరు పెద్దోళ్ళు. మీరు లేదంటే మీ ముఖం ఎట్లా చూడాలా అని నాకు సిగ్గేసింది."

ఆయన సిగ్గు కూడా ఆ పిల్లే పడింది. లేచి నిలబడ్డాడు. బాటిలు ఎక్కడ పెట్టాలో తెలియక తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు.

"నేను పోయి చెప్తా" అన్నాడు.

"వద్దు సార్!" ఆమె గొంతు మొదటిసారి లేచింది. "చెప్తే పెట్టె తీసుకుపోతారు. నా పని మళ్ళా ఇస్తారో లేదో తెల్దు, అక్క వేళ్ళు మాత్రం పోతాయి. గమ్మునుండండి. నాకోసం కాదు, అక్క కోసం."

*

గమ్మునుండటం ఆయనకి కష్టం కాలేదు. అదే ఆయనకి అసహ్యం పుట్టించింది. కూతురి కోసమే అని చెప్పుకుంటే నిద్ర కూడా పట్టింది. కొత్త సాలీడుకి కీచురాళ్ళు వేశాడు. పుస్తకం మొదటినుంచి చివరిదాకా, ఏడో పేజీతో సహా, కంఠతా వచ్చేలా చదివాడు. ఊర్మిళ మళ్ళీ బడినుంచి రాగానే పెట్టె ముందు చతికిలబడటం మొదలుపెట్టింది. ఆమె నవ్వినప్పుడల్లా ఆయన ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళేవాడు.

పదకొండో రోజు ఆమె నవ్వకుండా వచ్చింది. ఇద్దరూ అన్నానికి కూచున్నారు. ఆమె ఎడమచేత్తో అన్నం కెలుకుతూ ఉండిపోయింది.

"ఈ పొద్దు ఒక పాడుపని చేసినా నాయనా" అంది.

"ఏమ్మా?"

"తస్లీమ్ చెల్లెలుంది, రుక్సానా అని. బంగారు పిల్ల. బొమ్మేసి చూపించనీకి నా కాడికి వచ్చింది. దాన్ని చూస్తే వాళ్ళక్కే కళ్ళ ముందుకొచ్చింది. అంత నమ్మితిమే, ఒక్క చెయ్యి ఆపుకోలేకపాయె గదా అనిపించింది. మొగం తిప్పుకున్యా. ఆ పిల్ల బొమ్మ పట్టుకోని అట్లే నిలబడింది. చెవిటి పిల్లకి మొగం తిప్పుకోవడమంటే మాటలా నాయనా? దాని నోరు మూసినట్టే గదా. మూడు వారాలనుంచి ఇట్లే చేస్తాండా. తెలిసి తెలిసి చేస్తాండా."

మద్దిలేటి చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. తన అబద్ధం ఫోనులో ఆగిపోయిందనుకున్నాడు. అది ఊరంతా తిరిగి, రెండో తరగతి గదిలోకి కూడా దూరింది.

"ఆ పాప తియ్యలేదమ్మా మూత" అన్నాడు. "నేను తీసినా."

ఒకసారి మొదలయ్యాక ఆపలేదు. గేదెని దొర్లించినట్టు దొర్లించానన్నాడు. నాలుగో పేజీ చదవలేదన్నాడు. చచ్చినదాన్ని మళ్ళీ వెల్లకిలా పడుకోబెట్టానని, కుంచె కడిగానని, ఫోనులో ఏమన్నాడో ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. తస్లీమ్ పట్టీ రాత చెరిపేసిన సంగతి చెప్పాడు. ఏడో పేజీ సంగతి చెప్పాడు. చెపుతున్నంతసేపూ కంచంవైపే చూశాడు.

తలెత్తేసరికి ఊర్మిళ చేతులు గాల్లో కదులుతున్నాయి. ఎడమచెయ్యి వేగంగా, కుడిచెయ్యి ఉన్న రెండువేళ్ళతో తడుముకుంటూ. ఆమె సైగల్లో ఏదో అంటోంది. ఏడేళ్ళుగా ఆ భాష ఆ ఇంట్లో ఉంది. మద్దిలేటి ఒక్క ముక్క నేర్చుకోలేదు.

"ఏమంటాండావు తల్లీ?"

"నీతో కాదు" అంది. కంచం తీసి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

పొద్దున ఆయన లేచేసరికి ఆమె హాల్లో కూచుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. ముందు బల్ల మీద తెల్లకాగితం, పెన్ను. పెట్టెలో సాలీడు కొబ్బరిచిప్ప మీదకి ఎక్కి కూచుంది. కాలి కొసన గింజ తేటగా కనిపిస్తోంది.

"కూచో నాయనా. నా చేత్తో రాస్తే యెవురికీ అర్థం గాదు. నువ్వు రాయి."

"యెవురికి?"

"రుక్మాంగదరావు గారికి."

ఆయన కూచున్నాడు. పెన్ను మాత్రం తియ్యలేదు. "పెట్టె తీసుకుపోతారమ్మా."

"తెలుసు."

"ఇంకోటి ఇయ్యరు. ఆ పాపే చెప్పింది, గమ్మునుండమని. తనే వద్దంటాంటే..."

"నాకు వేళ్ళు కావాల నాయనా" అంది ఊర్మిళ. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఎంత కావాలో నీకు తెల్దు. రాత్రంతా నువ్వు చెప్పకపోయింటే బాగుండేదని ఏడ్చినా. నిజంగా. ఆ పెట్టె ఇంట్లో పెట్టుకోని, ఆ వేలు అతికించుకోని, దాంతో రుక్సానాకి ఏం పాఠం చెప్పాల నేను? రాయి."

ఆయన రాయడం మొదలుపెట్టాడు. గౌరవనీయులైన డాక్టరు గారికి. ఆమె చెపుతూ ఉంటే ఆయన రాశాడు. తేదీ రాశాడు, బుధవారమని రాశాడు. తస్లీమ్ వెళ్ళిపోయాక మూత తీసింది నేనేనని రాశాడు. కుంచె అని రాశాడు. అక్షరాలు వంకరపోయాయి. ఫ్యాను గాలికి కాగితం లేస్తుంటే ఆమె కుడిచేతి బొటనవేలు, చిటికెనవేలు దాని మీద అదిమిపెట్టింది. ఆయన ఆ వేళ్ళ మధ్య ఖాళీలో రాసుకుపోయాడు. ఆఖరి వాక్యం ఆమె చెప్పలేదు, ఆయనే రాశాడు. తప్పు తస్లీమ్ మీదకి పొరపాటున నెట్టాను, ఆమెని తిరిగి పనిలోకి తీసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాను. కింద సంతకం చేశాడు.

"అయిందిమ్మా" అన్నాడు.

ఆమె కాగితం మీంచి చెయ్యి తియ్యలేదు. పైనుంచి కిందిదాకా మెల్లగా చదివింది. చివర్లో ఆగింది.

"ఆ పొరపాటున అనే మాట కొట్టెయ్ నాయనా" అంది. "మూత తీసింది పొరపాటు. ఆ పిల్ల మీదికి నెట్టింది కాదు."

మద్దిలేటి పెన్ను మళ్ళీ తీశాడు. కూతురు కాగితం కదలకుండా పట్టుకుంది. ఆయన ఆ మాట కొట్టేశాడు.